నేర్పిన దగ్గు

తిను బిడ్డా, ముందుగాల తిను. అన్నం మీద నాకేం కోపం లేదు. నా కోపమంత నీ మీదనే. గని ఇంటికొచ్చిన పిల్లను ఆకలితోని కూసోబెట్టి తిట్టుడు నాకు చాతగాదు. పచ్చిపులుసు పోసుకో. తిన్నంక తిడతననుకోకు, తింటుండంగనే తిడత.

ఆయన లోపల రూముల పండుకున్నడు. లేస్తే నన్ను మాట్లాడనియ్యడు. "సంతోషినేమనకు అనసూర్యా, కన్నబిడ్డ లెక్క తోలుకొచ్చింది" అంటడు. నిజమే, తోలుకొచ్చినవ్. యాడి మీ కాకినాడ, యాడి మా సెంటినరీ కాలనీ. ఆయనకు నువ్వేం కావు. అయినా ట్రాలీ మాట్లాడి, రెండు సైకిళ్లు దాంట్ల ఏసుకొని, మా క్వార్టరు ముంగట దించినవ్. గిట్ల ఎవలు చేస్తరు? ఎవలు చెయ్యరు. గందుకే నాకు మంట.

గా వీడియో ఎందుకు పెట్టినవ్?

చెయ్యి ఆపకు, తిను. అడిగిన గని, జవాబు నాకే తెలుసు. నీ అసొంటి సైకిల్ మీద తిరిగే పిల్లలకు గది ఓ ముచ్చట. దారిల ఓ ముసలాయన దొరికిండు, మంచిగున్నడు, తీసినవ్, పెట్టినవ్. ఇక్కడ మా కొంప ఎట్ల మునిగిందో నీకేం ఎరుక?

నాకు గది ఎవలు చూపెట్టిన్రో చెప్తా విను. పక్క క్వార్టర్ల సారక్క. పొద్దుగాల నల్ల కాడ నీళ్లు పట్టుకుంటున్న. ఫోను పట్టుకొని ఉరికొచ్చింది. "అనసూర్యా, మీ సదానందం హీరో అయిండు పో" అన్నది. చూస్తే ఏముంది? ఘాటు రోడ్డు, రెండు దిక్కుల అడివి, మా ఆయన సైకిల్ మీద సర్రున దిగుతుండు. రెండు చేతులు ఇడిసిపెట్టిండు. కొంగ రెక్కలు సాపినట్టు సాపి కేకలు పెడుతుండు. నెత్తికి తువ్వాల, మొఖం నిండ నవ్వు. కింద నువ్వేం రాసినవ్? "బొగ్గుబాయి ఉక్కు గుండె" అని రాసినవ్.

ఉక్కు గుండె. సోమారం నాడు మెడికల్ బోర్డు ముంగట నిలబడాల్సిన మనిషికి ఉక్కు గుండె.

మీ దిక్కు గిసొంటియి ఉండయ్, నీకు తెల్వది. బాయిల పనిచేసే మనిషి పానం బాగలేక ఇగ పనికి రాడని బోర్డు తేల్చిందనుకో, ఆయన కొలువు ఇంట్ల పిల్లకో పిల్లగానికో వస్తది. మాకు ఒక్కతే బిడ్డ, దీప. నీ యీడుదే ఉంటది. పెద్ద చదువే చదివింది. ఏం లాభం? మంచిర్యాలల ఓ ప్రైవేటు బడిల పాఠాలు చెప్తది. పొద్దుగాల బస్సెక్కితే మొఖం వాడిపోయి ఇంటికొస్తది. ఎండకాలం సెలవులిస్తే జీతం సుత సెలవే. కంపెనీ కొలువొస్తే ఆ పిల్ల బతుకు ఒడ్డున పడ్తది. ఆయన రిటైరై దిగిపోయే యాల్ల దగ్గరపడ్డది. ఇంకింత ఆలస్యమైతే ఆయన అన్‌ఫిట్ అయినా బిడ్డకు కొలువు రాదు. మాకు గిదే ఆఖరు బోర్డు.

మరి ఆయనకేం రోగమున్నది? నా కండ్లకు ఏం కనబడలే. సన్నవడ్డడు, నిజమే, గా యీడుకు ఎవలు సన్నవడరు? గందుకే నేనే చెప్పిన. దగ్గు నేర్చుకొమ్మన్న.

ఎందుకట్ల చూస్తవ్? తప్పే. గొప్పగ చెప్పుకుంటలేను. దీప బస్సు దిగి చెప్పులు ఇడిసి, అన్నం సుత తినకుంట గోడకు ఒరిగి కూసుంటది సూడు, గది నువ్వు రోజూ చూస్తే నువ్వు సుత దగ్గు నేర్పుతవ్.

మొదలు కొట్లాడ్తడనుకున్న. దొంగ సిక్ లీవు పెట్టి ఇంట్ల పన్న మనిషి కాదాయె. పండుగ నాడు సుత సద్ది కట్టించుకొని డ్యూటీకి పోయేటోడు. అసొంటాయన నేను చెప్పంగనే సరే అన్నడు. ఒక్క మాట ఎదురనలే. నాకే తాజ్జుబైంది. "ఎట్ల దగ్గాలె?" అని అడిగిండు. "గొంతుల కెల్లి కాదు, లోపల కెల్లి రావాలె" అని నేనే దగ్గి చూపెట్టిన. నా దగ్గు చూసి ఆయన నవ్విండు. ఆయన్ను చూసి నేను నవ్విన. పెండ్లయిన కాడికెల్లి మేం గంత నవ్వుకున్నది లేదు.

నాలుగు మెట్లెక్కి ఆగుమన్న. గోడ పట్టుకొమ్మన్న. రొమ్ము మీద చెయ్యి పెట్టుకొమ్మన్న, మాట మధ్యల ఊపిరి తీసుకొమ్మన్న. మస్తు జల్ది నేర్చుకున్నడు. నేను చెప్పనియి సుత చేస్తుండె. దుప్పట్ల దగ్గుతుండె. "ఇగ సాలు తియ్యి, బోర్డు సార్లు మన మంచం కింద లేరు" అంటుంటి. పొద్దుగాల స్నానాల గదిల నల్ల ఇప్పి దగ్గుతుండె. తువ్వాల తానే ఉతుక్కుంటుండె. తాగిన గిలాస ఏనాడు ఎత్తని మనిషి, తువ్వాల పిండి దండెం మీద ఆరేస్తుండు. బోర్డు భయం మనిషిని మంచిగనే దారికి తెచ్చిందనుకున్న.

ఇంకింత అన్నం పెట్టనా? వద్దంటే ఊకోను. సైకిల్ తొక్కిన కడుపు గది.

ఇగ ఇంట్ల గీ తయారీ అంత నడుస్తుండంగ, సిక్‌ల ఉన్న మనిషి ఓనాడు సైకిల్ బయట పెట్టి తుడుస్తుండు. గొలుసుకు నూనె ఏస్తుండు. ఏందయ్యా అంటే, "కాసిపేటకు పోయి లింగమూర్తిని చూసొస్త" అన్నడు. లింగమూర్తి ఆయన జోడీ. ఇద్దరు ఒక్క షిఫ్టుల బాయిల దిగెటోళ్లు, ఒక్క టిఫిన్ల తినెటోళ్లు. "సైకిల్ మీద పోతే నలుగురు చూస్తరు, బస్సుల పో" అన్న. సందులకెల్లి పోతనన్నడు. రెండు దినాలల్ల వస్తనన్నడు. నమ్మిన.

రెండు దినాలు దాటినయ్. లింగమూర్తికి ఫోను చేస్తే "రానే రాలే వదినా" అన్నడు. ఆయన ఫోను బందు. నా పానం పోయినంత పనైంది. గోదావరి బ్రిడ్జి కాడ ఏమన్న జరిగిందా, లారీ ఏమన్న గుద్దిందా అని ఎటో ఎటో పోయింది నా మనసు. అంతల ఎవలిదో నంబరు నుంచి ఫోను. మహదేవపూర్ దిక్కు సైకిళ్లకు పంచర్లేసే ఆయనట. "అక్కా, ఫికర్ చెయ్యకు, అన్న మా ఇంట్ల తిన్నడు, పండుకున్నడు" అన్నడు. గోదావరి పొంటి సముద్రం దాక పోతుండట. సైకిల్ మీద.

ఎందుకో నీకు చెప్పే ఉంటడు. నీళ్ల ముచ్చట చెప్పకుంట ఉండలేడు. వయసుల ఉన్నప్పుడు బొగ్గు నింపిండు. తర్వాత ఏండ్లకేండ్లు బాయి లోపల పంపు కాడ డ్యూటీ. ఊరే నీళ్లను పైకి తోడుడే పని. తోడకపోతే బాయి మునుగుతది. "ఇన్ని నీళ్లు తోడిన గదా అనసూర్యా, గవన్ని యాడికి పోయినయో ఒక్కసారి చూడాలె" అంటుండె. యాడికి పోతయ్? వాగుల పడ్తయ్, గోదాట్ల కలుస్తయ్, సముద్రంల పడ్తయ్. దీప బడిల పిల్లలనడిగినా చెప్తరు. గది చూడనీకి సైకిలెక్కాల్నా? బోర్డు ముంగట పెట్టుకొనే ఎక్కాల్నా?

సరే, ఆయనకు బుద్ధి లేదనుకుందాం. మీకేమైంది? దారి పొడుగుత ఉన్నోళ్లకు ఏమైంది?

ఒక్కలన్న "ఓ పెద్దమనిషీ, ఇంటికి పో" అనొద్దా? మంథని కాడనే ఎవలన్న మొఖం మీద తలుపేస్తే, కడుపు మాడితే, దోమలు పీక్కతింటే, ఎనుకకు తిరిగి ఇంట్ల పడెటోడు. ఎవలు తలుపెయ్యలే. ఏటూరునాగారం దిక్కు సంతల బెల్లం అమ్మే అవ్వ పిలిచి జొన్నరొట్టె పెట్టిందట. మణుగూరు కాడ లారీ డ్రైవర్లు సైకిల్ పైకేసి, ఆయన్ను ముంగట కూసోబెట్టుకొని పోయిన్రట. భద్రాచలంల ఎవలో ఆటో అతను, ఓ చేత్తోని ఆటో నడుపుకుంట ఇంకో చేత్తోని ఆయన వీపు నూకుకుంట బ్రిడ్జి దాటించిండట. సర్కసనుకున్నడా? ఆయన సైకిల్ తొక్కిందానికంటె మీరందరు ఆయన్ను మోసిందే ఎక్కువ కనబడుతుంది.

రోజుకో కొత్త నంబరు. "అమ్మా, తిన్నడు." "అక్కా, పండుకున్నడు." "చెల్లె, మంచిగున్నడు, నువ్వు ధైర్యంగుండు." నేనెందుకు ధైర్యంగుండాలె? ఒక్కొక్కలకు దండం పెట్టి మొత్తుకున్న, బస్సెక్కియ్యుండ్రి, ఎనుకకు తోలుండ్రి అని. అందరు సరే అన్నరు. ఎవలు ఎక్కియ్యలే. పొద్దుగాల మళ్ల టైర్లకు గాలి కొట్టి ముందుకే తోలిన్రు. లోకంల ఇంతమంది మంచోళ్లున్నరా? నేనింత చక్కెరకు పక్కింటికి పోతే డబ్బ ఖాళీ అనెటోళ్లనే చూసిన. మంచోళ్లంత వరుసగ ఆయనకే దొరికిన్రు.

అందరి కంటె మంచిదానివి ఆఖరుకు నువ్వు దొరికినవ్. చింతూరు కాడ కలిసినవట. నీ సైకిల్ ఏమో బాణం లెక్క ఉన్నది. ఆయనది పాల క్యాన్లు కట్టుకొని తిరిగే సైకిల్. నీ దారిన నువ్వు పోతే ఏం పోతుండె? పోలే. ఆయన కోసం మెల్లగ తొక్కినవ్. నీ గ్లూకోజు నీళ్లు ఆయనకు తాపినవ్. అంతర్వేది దాక తీసుకపోయి సముద్రంల నిలబెట్టినవ్. గా అల్మార మీద సీస చూడు. సముద్రం నీళ్లట, నాకోసం తెచ్చిండట. ఏం చేసుకోవాలె బిడ్డా నేను గా ఉప్పునీళ్లు? చారుల పోసుకోవాల్నా?

ఇంత చేసినదానివి, నా బిడ్డ కొలువు మీద మాత్రం ఉక్కు గుండె అని రాసి పెట్టినవ్. కాలనీ అంత చూసింది. బోర్డుకు పోయే మనిషి ఘాటు మీద రెక్కలు సాపిండని నవ్వుతున్రు. నవ్వితే నవ్విన్రు, ఎవలన్న ఒక్కలు గది బోర్డు సార్లకు పంపితే? అయిపాయె. నిన్నటి నుంచి దీప నాతోని మాట్లాడుతలేదు. పొద్దుగాల బస్సెక్కెటప్పుడు ఎనుకకు సుత చూడలే.

తీసేస్తవా? తీసేస్తే ఏమైతది? సారక్క ఫోన్ల ఉన్నది, అందరి ఫోన్లల్ల ఉన్నది.

ఏమన్నవ్? మళ్ల చెప్పు.

గది దిగే ముక్క, ఎక్కే ముక్క వేరే ఉన్నదా? ఘాటు ఎక్కంగ తీసింది నీ ఫోన్లనే ఉన్నదా? ఆయాసపడ్డడా? దగ్గిండా?

ఓ నా తల్లీ, గీ మాట ముందుగాల చెప్పద్దా? ఎంత సల్లటి మాట చెప్పినవ్. నేను పొద్దటి నుంచి ఊకె మొత్తుకుంటున్న. గదే గదా మాకు కావాల్సింది. దిగుడు ఎవలైనా దిగుతరు, దిగనీకి గుండె ఎందుకు? ఎక్కలేకపోయిండని చూపెడ్దాం. నువ్వు ఫోను ఎత్తంగనే నేను నేర్పింది యాదికొచ్చింది కావచ్చు ఆయనకు. అడివిల సుత మరవలే చూసినవా? తియ్యి, చూపెట్టు. ఎంగిలి చెయ్యైతే ఏంది, ఎడమ చేత్తోని ఒత్తు. జర ఇటు తిప్పు, నా కండ్లకు సరిగ ఆనది.

ఆ, ఆయననే. సైకిల్ ఎవలో నూకుతున్రు. ఎవలామె? ఘాటు మీద బొంగుల కోడికూర అమ్మే ఆమెనా? దుకాణం ఇడిసిపెట్టి వచ్చిందా? బక్కగున్నది గని ఎట్ల నూకుతుంది చూడు. ఆయన ఎనుక నడుస్తుండు. ఆగిండు. గోడ లేదని చెట్టు పట్టుకున్నడు. రొమ్ము మీద చెయ్యి పెట్టిండు. నేను చెప్పినట్టే చేస్తుండు.

దగ్గుతుండు. మంచిగ లోపల కెల్లి వస్తుంది.

ఇంకా దగ్గుతుండేంది? సాలు గదా.

కూలవడ్డడు. కింద పడుమని నేను చెప్పలే బిడ్డా. పడుడు నేను నేర్పలే.

అక్కడ బోర్డు లేదు గదా. డాక్టర్లు లేరు, కాలనీవోళ్లు లేరు. నువ్వు ఫోను పట్టుకున్నట్టు సుత ఆయనకు తెల్వది, ఇటు చూస్తనే లేడు. మరి ఎవల కోసం దగ్గుతుండు?

గా తువ్వాలను ఆమె ఎందుకు గుంజుకుంటుంది ఆయన చేతులకెల్లి? ఆపు. గాడ ఆపు. గా ఎర్ర మరక ఏంది?

నేను చూసిన తియ్యి. ఇగ నడిపియ్యి. ఇటు మర్రిండు, నిన్ను చూసిండు. ఏమంటుండు? సప్పుడు పెంచు.

"గిది ఎవలకు చూపెట్టకు బిడ్డా. మా అనసూర్య చూస్తది."

బందు చెయ్యి.

ఎప్పటి నుంచట? పోయిన వానకాలం నుంచా. డాక్టరుకు చూపెట్టుకున్నడా? కరీంనగర్‌ల? ఒక్కడే పోయిండా? చుట్టాలింట్ల దావత్ అని చెప్పి పోయిండు ఓనాడు, గప్పుడే కావచ్చు. ఏమన్నరట? వద్దు, చెప్పకు. నీ మొఖంలనే ఉన్నది.

అంటే నేను దగ్గు నేర్చుకొమ్మన్న నాటికే ఆయనకు దగ్గున్నది. గందుకే సరే అన్నడు. గందుకే ఎదురనలే. దుప్పట్ల దగ్గింది, నల్ల ఇప్పి దగ్గింది, తువ్వాల ఉతుక్కున్నది... ఎంత పిచ్చిదాన్ని బిడ్డా నేను.

నీకు చెప్పిండు సరే. పంచర్లేసే ఆయనకు చెప్పిండా? బెల్లం అవ్వకు? ఆటో అతనికి? అందరికి చెప్పిండా? పోయేలోపల ఒక్కసారి నీళ్లు చూసి రావాలె అన్నడా? గందుకేనా ఒక్కలు సుత ఎనుకకు తోలంది. గందుకేనా "చెల్లె, ధైర్యంగుండు" అన్నరు. ఊరూర తెల్వనోళ్లకు చెప్పుకున్నడు. పక్కన పండుకున్న నాకు చెప్పలే. ఇప్పుడొస్తుంది నాకు అసలు కోపం. ఇందాకటి నుంచి నీ మీద చేసింది కోపమే కాదు.

ఎందుకు చెప్పలేదట? అడిగినవా?

నేను నవ్వుతున్ననా? దగ్గు నేర్పుకుంట మా అనసూర్య నవ్వుతుంది, నిజమని తెలిస్తే గా నవ్వు ఆగుతది, అట్లన్నడా?

మనిషేనా గీయన. ఇన్నేండ్లు నా నవ్వు ముచ్చటే ఎత్తలే. ఏడ కెల్లి గుర్తొచ్చిందో ఇప్పుడు.

సోమారం ముచ్చట ఇగ ఫికర్ లేదు బిడ్డా. సారక్క వీడియో పంపినా, ఊరంత పంపినా ఏం కాదు. అన్‌ఫిట్ అని బోర్డుల పాసైతడు. నేను నేర్పకున్నా పాసైతుండె. దీపకు కొలువొస్తది. నేనడిగిందే నాకొస్తుంది, ఇంకెవల మీద కొట్లాడాలె?

ఆగు. లేచినట్టుండు. విన్నవా? గదే.

గీ దగ్గు వినబడంగనే నేనేం చేస్తుంటినో చెప్పనా? గీ పొయ్యి కాడ కెల్లి గంటె పట్టుకొని లేచి, "శాబాష్" అంటుంటి. దగ్గినప్పుడల్ల శాబాష్ అన్న. ఓనాడు మస్తు కుదిరిందని కోడిగుడ్లు ఉడకబెట్టి కూర చేసి పెట్టిన. తిన్నడు, బాగున్నదన్నడు. ఆ కూర నిండ ఉప్పెక్కువైందని నేను తిన్నప్పుడు తెలిసింది నాకు.

చూసినవా, దగ్గి ఆగిండు. నేనేమంటనో అని చూస్తుండు.

రేపు పొద్దుగాల దవాఖానకు గల్ల పట్టి గుంజుకపోత. గప్పుడు కొట్లాడ్త, గప్పుడు ఏడుస్త, ఆయన నీళ్ల సీస సుత ఆయన నెత్తినే పగలగొడ్త. గది రేపటి పని. నువ్వు చూపెట్టినట్టు ఇయ్యాల ఆయనకు తెల్వద్దు. కండ్లు తుడుచుకో. తల వంచుకొని తిను.

ఏమయ్యా, లేచినవా? విన్న విన్న. శాబాష్. ఇయ్యాల మస్తు కుదిరింది.